పాత బజారుకు మళ్ళ జనం రావాలంటే ఏ ఫండ్స్ ఉన్నయి? తెలిసినోళ్ళు చెప్పున్రి

పాతబజార్_పిల్లగాడు:

అన్నలకు అక్కలకు నమస్తే. మాది నాగర్‌కర్నూల్ జిల్లా, నల్లమల దిక్కు ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాస్తలేను, రాస్తే మా వాట్సాప్ గ్రూపులల్ల లొల్లి అయితది. మా నాయనది పాత బజార్ల బట్టల దుకాణం, తాత పెట్టింది. బజార్ల మొత్తం 90 దాకా దుకాణాలు ఉన్నయి, కిరాణం, గాజులు, స్టీల్ సామాన్, ఎరువులు, రెండు సాయిబుల టైలర్ షాపులు, అవుసలోళ్ళ దుకాణాలు, ఒక పాత మెట్ల బావి కూడా ఉంది, ఇప్పుడు దాంట్ల చెత్త తప్ప నీళ్ళు కనవడయి.

ముందుగాల బైపాస్ పడ్డది, తర్వాత బస్సులు ఊరి బయటనే ఆగుడు మొదలైంది, 2016ల కొత్త జిల్లాలు అయినంక కాగితాల పని ఉన్నోడల్లా జిల్లా కేంద్రం పోయి ఆడనే బట్టలు కొనుక్కొని వస్తున్నడు, మిగిలినోళ్ళు ఫోన్ల ఆర్డర్ పెడుతున్రు. నాలుగు దుకాణాలల్ల ఒకటి షట్టర్ దించి ఉంది. పెండ్లిళ్ళ సీజన్ల, దసరాకు తప్ప గిరాకీ లేదు. సలేశ్వరం జాతరకు పోయే బండ్లు వందలు వందలు బైపాస్ మీదకెల్లే పోతయి, ఊర్లకు ఒక్కటి మలగదు. బుధవారం అంగడి మాత్రం ఇంకా నడుస్తుంది, తండాల నుంచి చెంచు పెంటల నుంచి జనం వస్తరు, ఆ ఒక్కరోజే మాకు కాస్త ఊపిరి ఆడుతది. అంగడి కూడా ఊరవతల కట్టిన మార్కెట్‌లకు మార్చాలని అంటున్రు, ఆ మార్కెట్ కట్టి ఏండ్లు అయింది, ఆడ ఎవ్వరు కూసుంటలేరు.

నా ప్రశ్న ఏందంటే బజారును బాగు చేసుకునేతందుకు గవర్నమెంట్ గ్రాంట్ ఏమన్నా ఉంటదా? సోమశిలకు 68 కోట్లు వచ్చినయి అని పేపర్ల చదివినం, మా బజారుకు ఒక్క కోటి రాదా అని మావోళ్ళు అంటున్రు. మా లీడర్లను అడిగితే పెద్ద ఆర్చ్ పెడతం, రంగు లైట్లు పెడతం అంటున్రు. మేం దుకాణదార్లం ఒక ఇరవై మంది కలిసి కూసుంటున్నం గని ఏ ఆఫీసుకు పోవాలె, ఏం అడగాలె తెలుస్తలేదు.

రిటైర్డ్_ఏఈ_పాలమూరు:

తమ్ముడూ, మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పని చేసి రిటైర్ అయినవాడిని కాబట్టి సూటిగా చెబుతా. "పాత బజారు అభివృద్ధి" అనే పేరుతో నీకు నేరుగా దొరికే గ్రాంట్ లేదు, ఆ పేరు పెట్టి దరఖాస్తు రాస్తే ఆ ఫైలు ఏ సెక్షన్‌కు పంపాలో కూడా వాళ్ళకు తెలియదు, టపాల్లోనే ఉండిపోతుంది. డబ్బు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కకు ఒక్కో పని రాసి ఉంటుంది. నువ్వు బజారును పనులుగా విడగొట్టాలి, మోరీ, టాయిలెట్, తాగునీళ్ళు, చెట్లు, లైట్లు, బావి, అట్లా.

ముందు ఆర్థిక సంఘం నిధులు, అంటే కేంద్రం నుంచి మున్సిపాలిటీలకు వచ్చే వాటా. 15వ ఆర్థిక సంఘం, అంటే 2021 నుంచి 2026 మార్చి దాకా, చిన్న మున్సిపాలిటీలకు ఇచ్చిన దాంట్లో 40 శాతం మాత్రమే కౌన్సిల్ ఇష్టం, మిగతా 60లో సగం తాగునీళ్ళకు సగం పారిశుధ్యానికి కట్టేసి ఇచ్చారు. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం లెక్క, కానీ లాజిక్ అర్థమైంది కదా, నువ్వు పోయి "బజార్‌లో మోరీ, మహిళలకు టాయిలెట్" అని అడిగితే అది పారిశుధ్యం కిందికి పోతుంది, "ఆర్చ్" అని అడిగితే అందరూ కొట్టుకునే ఆ కొంచెం డబ్బులో నువ్వూ లైన్‌లో నిలబడాలి. టాయిలెట్లకు స్వచ్ఛ భారత్ అర్బన్ 2.0 కూడా ఉంది. అమృత్ 2.0 అనేది 2021 అక్టోబర్‌లో మొదలైంది, ముఖ్యంగా ఇంటింటికీ నీళ్ళ కోసం, దాంట్లోనే నీటి వనరులు బాగుచేసే పని, పార్కులు కూడా ఉన్నాయి.

చెట్ల సంగతి చాలామంది మర్చిపోతారు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్ పెట్టాల్సిందే. మన పాలమూరు ఎండకు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట బజార్‌లో నడిచేవాడే ఉండడు, వేప, కానుగ పెట్టి నాలుగేండ్లు కాపాడితే గిరాకీ రెండు గంటలు పెరుగుతుంది. ఆ పది శాతం మొత్తం డివైడర్ మీద పూల మొక్కలకే పోతుంది, అడిగేవాడు లేక.

అర్బన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ డెవలప్‌మెంట్ ఫండ్ అని 2023లో పెట్టారు, నేషనల్ హౌసింగ్ బ్యాంక్ చూస్తుంది, ఏడాదికి పది వేల కోట్లు అన్నారు. అది అప్పు, పైగా 50 వేల జనాభా పైన ఉన్న పట్టణాలకు. మీ ఊరు అంతకంటే చిన్నది అయితే దాని వెంట పడకు.

ఇక సోమశిల 68 కోట్లు. అది 2024 నవంబర్‌లో కేంద్రం టూరిజం కింద మంజూరు చేసింది, రాష్ట్రాలకు 50 ఏండ్ల వడ్డీ లేని అప్పుగా ఇచ్చే పద్ధతిలో. కృష్ణ ఒడ్డున రిట్రీట్ కట్టడానికి ఇచ్చిన డబ్బు నీ బజార్ మోరీకి ఎట్లా వస్తుంది? అంతకుముందు కేంద్రం టూరిజం పథకం స్వదేశ్ దర్శన్‌లో మన ఉమ్మడి జిల్లాకు ఎకో సర్క్యూట్ అని 91 కోట్ల పైన శాంక్షన్ అయింది, సోమశిల, సింగోటం, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అన్నీ దాంట్లో ఉన్నాయి. అలంపూర్ జోగులాంబ గుడికి పుణ్యక్షేత్రాల కోసం ఉన్న ప్రసాద్ పథకంలో 36 కోట్ల పైన. అవన్నీ స్పాట్‌కు వచ్చే డబ్బులు, స్పాట్‌కు పోయే తొవ్వలో ఉన్న ఊరికి రావు. నీకు వచ్చేది టూరిస్టే, వాడిని బైపాస్ మీది నుంచి లోపలికి తిప్పుకునే పని మీది.

గంజి_సేటు_నల్గొండ:

ఏఈ సార్ చెప్పింది కరెక్టే గని నేనొకటి అడుగుత. ఈ బజార్ల షట్టర్లు ఎవరివి? మా దగ్గర సగం దుకాణాలు కిరాయికి ఉన్నోళ్ళవే. రోడ్డేసిన్రు, లైట్లు పెట్టిన్రు, మర్నాడు ఓనర్ వచ్చి కిరాయి పెంచిండు, పాత దుకాణపోడు లేచి పోయిండు, ఆ జాగల సెల్‌ఫోన్ కవర్ల షాపు వచ్చింది. గవర్నమెంట్ పైసతోని ఓనర్ బాగుపడ్డడు. కాబట్టి ఇరవై మంది కూసుంటున్నం అంటున్నవు గదా తమ్మీ, దాంట్ల కిరాయోళ్ళు ఎందరు, సొంతోళ్ళు ఎందరు ముందు తేల్చుకో, ఓనర్లతోని మూడేండ్లో అయిదేండ్లో కిరాయి పెంచం అని కాగితం రాపిచ్చుకున్నంకనే దరఖాస్తు పెట్టు.

ఇంకో ముచ్చట. మన దుకాణాల ముంగట మనమే బండ్లు పెడతం, సామాన్ రోడ్డు మీద పరుస్తం, ఆడోళ్ళు స్కూటీ ఆపుకునే జాగ ఉండదు, మళ్ళ గిరాకీ లేదని ఏడుస్తం. దానికి ఏ గ్రాంటు అవసరం లేదు. పొద్దుగాల దుకాణం తెరిచేటప్పుడు సొంత బండి గంజి మైదానంల పెట్టి నడిచి రావాలె అంతే. చేస్తరా? చెయ్యరు.

మెప్మా_ఆర్పీ_అక్క:

సేటన్నా మీరు అన్నిట్ల వంక పెడతరు 😀 కాని కిరాయి మాట నిజమే.

తమ్ముడూ, నువ్వు దుకాణాల గురించి అడిగినవు గని నీ బజారును బతికిస్తున్నది అంగడి అని నువ్వే రాసినవు సూడు, ముందు దాన్ని కాపాడుకో. 2014ల వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ప్రతి మున్సిపాలిటీల టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలె, కమిషనర్ చైర్మన్, సభ్యులల్ల 40 శాతానికి తక్కువ కాకుండ వ్యాపారులే ఎన్నికై ఉండాలె, వాళ్ళల్ల మూడో వంతు ఆడోళ్ళు. సర్వే చేసి సర్టిఫికెట్ ఇచ్చే దాకా ఎవ్వరిని లేపొద్దు. లేపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. అన్నిటికంటె పెద్ద మాట షెడ్యూల్‌ల ఉంది, 50 ఏండ్ల కంటె ఎక్కువ కాలం నుంచి నడుస్తున్న, జనం తమంతల తామే కూడే సహజ మార్కెట్‌ను హెరిటేజ్ మార్కెట్‌గా ప్రకటించాలె, అండ్ల కూసునేటోళ్ళను వేరే జాగకు మార్చొద్దు అని. మీ బుధవారం అంగడి మీ తాత కాలం నుంచి ఉంటె పాత పన్ను రశీదులు, తైబజార్ (అంగడి పన్ను) వేలం కాగితాలు, పంచాయితీ నాటి రికార్డులు ఏవన్నా ఉంటె జమ చెయ్యున్రి. ఊరవతల మార్కెట్‌కు మారుస్తం అన్నప్పుడు గట్టిగ మాట్లాడాలంటే కాగితమే కావాలె. ఆ మార్కెట్‌ల ఎందుకు కూసుంటలేరు అంటే, కూరగాయలు కొనేటిది ఆటో దిగి నడుస్తు నడుస్తు కొంటది, కూరగాయల కోసమని మళ్ళ ఆటో ఎక్కి పోతదా?

పైసల సంగతి. పీఎం స్వనిధి 2020 జూన్‌ల వచ్చింది, అప్పుడు 10 వేలు, 20 వేలు, 50 వేలు ఉండె. 2025ల మార్చిన్రు, ఇప్పుడు మొదటి లోన్ 15 వేలు, రెండోది 25 వేలు, మూడోది 50 వేలు, 2030 మార్చి దాకా ఉంటది. టైముకు కడితె 7 శాతం వడ్డీ సబ్సిడీ అకౌంట్‌ల పడుతది. గుర్తింపు కార్డు లేనోళ్ళకు మున్సిపాలిటీ సిఫార్సు లేఖ ఇస్తది, అది తెచ్చుకుంటె చాలు. చాలామంది మొదటిది తీసుకొని రెండు కిస్తులు కట్టకుండ ఆపుతరు, ఇగ రెండో లోన్ రాదు, మీరు దుకాణదార్లు చదువుకున్నోళ్ళు గదా జర పక్కన కూసోబెట్టుకొని చెప్పున్రి.

మీ బజార్ల టైలర్లు, అవుసలోళ్ళు, మంగలోళ్ళు, చెప్పులు కుట్టేటోళ్ళు, కుమ్మరోళ్ళు ఉంటె పీఎం విశ్వకర్మ ఉంది, 18 వృత్తులు, ముందు లక్ష, అది కట్టినంక 2 లక్షలు, 5 శాతం వడ్డీకి, పనిముట్లకు 15 వేలు విడిగ. ఇంక షట్టర్ దించిన దుకాణం ఒకటి సంఘం ఆడోళ్ళకు తక్కువ కిరాయికి ఇయ్యున్రి, జొన్న రొట్టెలు, పల్లీ పట్టీలు, సకినాలు చేసి అమ్ముతరు, ఫుడ్ ప్రాసెసింగ్‌ది పీఎంఎఫ్ఎంఈ అని ఉండె, మిషన్లకు 35 శాతం సబ్సిడీ, 10 లక్షల దాకా, సంఘం సభ్యురాలికి 40 వేలు సీడ్ క్యాపిటల్. జిల్లాకు రిసోర్స్ పర్సన్‌లు ఉంటరు, దరఖాస్తు వాళ్ళే నింపిస్తరు, బ్రోకర్‌కు పైసలు ఇయ్యకున్రి.

దేవరకొండోడు_అయోవా:

మాది దేవరకొండ, పదేండ్ల పైన అయింది అమెరికా వచ్చి. ఇక్కడ చిన్న ఊర్లు కూడా సేమ్ కథ, హైవే పక్కన పెద్ద స్టోర్ వచ్చింది, ఊరి నడుమ ఉన్న మెయిన్ స్ట్రీట్ ఖాళీ అయింది. వీళ్ళు ఏం చేసిన్రో చెప్తా, కాపీ కొట్టమని కాదు.

నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అని సంస్థ ఉంది, 1977లో మూడు చిన్న ఊర్లల్ల ప్రయోగం చేసింది, ఇల్లినాయ్‌లో గేల్స్‌బర్గ్, ఇండియానాలో మాడిసన్, సౌత్ డకోటాలో హాట్ స్ప్రింగ్స్. 1980లో దాన్నే దేశమంతా మెయిన్ స్ట్రీట్ ప్రోగ్రాం చేసిన్రు. నాలుగు పనులు ఒకేసారి చెయ్యాలంటరు, దుకాణదార్లు ఓనర్లు ఊరోళ్ళు కలిసి ఒక సంఘం, పండుగలు సంతలతో జనాన్ని రప్పించుడు, బిల్డింగులు వీధి చూడ ముచ్చటగా ఉంచుడు, కొత్త వ్యాపారం తెచ్చి పాతదాన్ని నిలబెట్టుడు. నాకు నచ్చింది ఏందంటే ప్రతి ఊర్లో ఒక మేనేజర్‌ను పెడతరు, వాని డ్యూటీయే ఆ వీధి. గ్రాంట్లు రాసేది వాడే, ఖాళీ షాపుల లిస్ట్ పట్టుకొని తిరిగేది వాడే.

గ్రాంట్లు కూడా మనం అనుకున్నంత ఊరికే రావు. దుకాణం ముందుభాగం బాగు చేసుకోడానికి ఇచ్చేది చాలా ఊర్లల్ల మ్యాచింగ్, నువ్వు ఒక డాలర్ పెడితేనే వాళ్ళు ఒకటి పెడతరు. ఫెడరల్ గవర్నమెంట్‌ది సీడీబీజీ అని ఊర్ల అభివృద్ధి గ్రాంట్ 1974 నుంచి ఉంది, అది సిటీకో స్టేట్‌కో వస్తది, షాపోడికి డైరెక్ట్ రాదు. చారిత్రక కట్టడాన్ని బాగు చేసి వ్యాపారానికి వాడితే ఖర్చుల 20 శాతం ట్యాక్స్ క్రెడిట్. మన దగ్గర పాత మిద్దె ఇల్లు కూలగొట్టి షట్టర్లు వేస్తేనే లాభం కాబట్టి అందరూ కూలగొడుతున్రు, వాళ్ళకు నిలబెడితే లాభం అయ్యేటట్టు చేసిన్రు, తేడా అక్కడ ఉంది.

పాతబజార్_పిల్లగాడు:

అందరికి మస్తు థాంక్స్, అక్కా హెరిటేజ్ మార్కెట్ సంగతి అసలు ఎవ్వరికి తెల్వదు మా దగ్గర. అయోవా అన్నా, మేనేజర్ అంటే జీతం ఎవరు ఇయ్యాలె? 90 దుకాణాలు నెలకు 150 చొప్పున ఇచ్చినా 13,500 అయితది, దాంతోని ఊర్ల ఉన్న డిగ్రీ పిల్లను ఒక పూట పనికి పెట్టుకోవచ్చేమో. 90 మంది ఇస్తరా అంటే సేటన్న నవ్వుతడు. మెట్ల బావికి ఏమన్నా చెయ్యొచ్చా? కంపెనీలు లాభంల కొంత సమాజం పనులకు పెట్టేది సీఎస్ఆర్ అంటరు గదా, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి ఫార్మా కంపెనీలను అడగొచ్చా?

లెక్కల_సార్_మిర్యాలగూడ:

సీఎస్ఆర్ గురించి నేను చెప్తా, కంపెనీల ఆడిట్ పని చేస్తా కాబట్టి కొంత తెలుసు. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 135, నికర విలువ 500 కోట్లు గానీ టర్నోవర్ 1000 కోట్లు గానీ నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేండ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టాలో షెడ్యూల్ 7లో ఉంది. "వ్యాపారం పెంపు" దాంట్లో లేదు కాబట్టి దుకాణాల పేరు చెప్పి పోవద్దు. పారిశుధ్యం ఉంది, చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఉంది. అంటే టాయిలెట్, మెట్ల బావి, ఈ రెండూ కరెక్ట్‌గా సరిపోతాయి. కంపెనీ తన చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి, జడ్చర్ల కంపెనీ నల్లమల దాకా వస్తదా అనేది మాట్లాడుకునే తీరును బట్టి.

మీరు సొసైటీ రిజిస్టర్ చేసుకోండి, ఏడుగురు ఉంటే చాలు, తర్వాత ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు (పాత 1961 చట్టంలో 12ఏ, 80జీ అనేవారు). కానీ బయటి సంస్థ ద్వారా పని చేయించాలంటే దానికి మూడేండ్ల అనుభవం, సీఎస్ఆర్-1 నంబర్ (సీఎస్ఆర్ పనులకు ప్రభుత్వం దగ్గర నమోదు) ఉండాలి, మీ కొత్త సొసైటీకి అవి ఉండవు. అందుకే ఇప్పటికే బావులు, కట్టడాల మీద పని చేసిన సంస్థను కలుపుకోండి, ఇంటాక్ లాంటివి, మీ సొసైటీ ఊరి తరఫున నిలబడుతుంది. హైదరాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావి కూడా చెత్తతో నిండి ఉండేది, ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి బాగు చేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. ఆ ఫోటోలు ముందూ తర్వాతా పెట్టి ఒక నాలుగు పేజీలు తీసుకొని పోండి, మాటల కంటే అది నయం. ముందు ఒకటి చూసుకోండి, బావి రక్షిత కట్టడం లిస్టులో ఉంటే హెరిటేజ్ శాఖ అనుమతి లేకుండా ఒక్క రాయి కదపొద్దు.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, అందరికీ ఉపయోగపడే ఆస్తికే, ప్రైవేట్ దుకాణానికి పెట్టరాదు, టాయిలెట్, నీళ్ళ ట్యాంక్, కమ్యూనిటీ హాలు అడగొచ్చు. ఇది మా హుజూర్‌నగర్, మఠంపల్లి సిమెంట్ దిక్కు వాళ్ళకు చెబుతున్నా, సున్నపురాయి మైనింగ్ ఉన్న జిల్లాల్లో మినరల్ ఫౌండేషన్ ట్రస్ట్ ఉంటుంది, 2015 చట్ట సవరణతో వచ్చింది, ప్రభావిత ఊర్లకు నీళ్ళు, పారిశుధ్యం, వైద్యం లాంటి వాటికి పెట్టాలి, కలెక్టరేట్‌లో అడగండి. నల్లమల తమ్ముడికి అది పనికి రాదు.

గంజి_సేటు_నల్గొండ:

నవ్వలే తమ్మీ 😀 150 అడుగు, ముప్పై మంది ఇస్తరు, మిగిలినోళ్ళు పని కనవడ్డంక ఇస్తరు. వసూలు బుక్కు మాత్రం కిరాయి దుకాణపోని చేతుల పెట్టు, ఓనర్ చేతుల పెట్టకు.

రిటైర్డ్_ఏఈ_పాలమూరు:

తమ్ముడూ, మూడు కాగితాలు తయారు చేయి. ఒకటి బజారు మ్యాపు, చేత్తో గీసినా సరే, ఏ దుకాణం తెరిచి ఉంది ఏది మూసి ఉంది, మోరీ ఎక్కడ పొంగుతుంది, అంగడి రోజు ఎవరు ఎక్కడ కూర్చుంటారు. రెండోది మూడే మూడు పనులు, ముప్పై రాయకు, మోరీ, మహిళల టాయిలెట్, బావి. ఆర్చ్ రాస్తే నాలుగోది అయితది. మూడోది సంతకాలు, అంగడి ఆడవాళ్ళవి ముందు పేజీలో ఉండాలి. వీటితో కమిషనర్ దగ్గరికి పోయి "ఎస్టిమేట్ వేయించండి" అని మాత్రమే అడుగు, డబ్బు అడగకు. ఎస్టిమేట్ అయి టెక్నికల్ శాంక్షన్ వచ్చిన పని ఫైల్‌లో రెడీగా ఉంటే, మార్చి నెలలో ఎక్కడో మిగిలిన డబ్బు దాని మీదికి వస్తుంది. ఎస్టిమేట్ లేని పనికి మంత్రి చెప్పినా ఆలస్యమే.

2019 మున్సిపాలిటీల చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది, యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. మీ వార్డులో అవి కాగితం మీదనే ఉండొచ్చు, ఎవరున్నారో లిస్ట్ తీసుకో, మీవాళ్ళ పేర్లే ఉంటాయి, వాళ్ళకే తెలియకుండా.

పాతబజార్_పిల్లగాడు:

సార్ వెండింగ్ కమిటీ మా ఊర్ల ఉన్నదా లేదా ఎట్ల తెలుస్తది? అడిగితే ఉంది అంటున్రు, ఎవరెవరు అంటే చెప్తలేరు.

మెప్మా_ఆర్పీ_అక్క:

ఆర్టీఐ పెట్టు తమ్మీ, 10 రూపాయలు. మున్సిపాలిటీ పీఐఓ (సమాచార అధికారి) పేరు మీద రాయి, కమిటీ సభ్యుల లిస్ట్, చివరి మీటింగ్ మినిట్స్, వ్యాపారుల సర్వే జాబితా, ఈ మూడు కాపీలు అడుగు. 30 రోజులల్ల ఇయ్యాలె. "ఎందుకు పెట్టలే" అని ప్రశ్నలు రాయకు, ప్రశ్న రాస్తె జవాబు రాదు, కాపీ అడిగితెనే ఇస్తరు.